సందేహాలు – సమాధానాలు: చుట్టూ చూస్తేనే పరీక్ష

సందేహం: ఇంతవరకు యుద్ధంలోకి దిగని స్టెల్త్ ఫైటర్లను (రాడార్‌కు సులువుగా చిక్కకుండా తయారుచేసిన యుద్ధవిమానాలను) కూడా పత్రికలు ‘తిరుగులేని అదృశ్య విమానం’ అంటున్నాయి. ‘పరీక్షలో నెగ్గింది’ అని కూడా రాస్తున్నాయి. ఈ మాటలు సరైనవేనా?

సమాధానం: మీరు మూడు మాటలు అడిగారు గానీ, నా మనసు ‘పరీక్ష’ దగ్గరే ఆగిపోయింది. ఎంత మంచి మాటను మార్కుల కాగితానికి కుదించేశాం! ఈక్ష అంటే చూపు, పరి అంటే చుట్టూ. ఒక వస్తువును అన్ని వైపుల నుంచీ చూడడం పరీక్ష. ఉపసర్గ మారితే ఆ చూపు తీరే మారిపోతుంది. ఎదురుచూస్తే ప్రతీక్ష, ఆశగా చూస్తే అపేక్ష, చూసీ వదిలేస్తే ఉపేక్ష, మంచిచెడ్డలు కలిపి చూస్తే సమీక్ష.

స్టెల్త్ విమానానికి ఈ వ్యుత్పత్తి అతికినట్టు సరిపోతుంది. దాని ఆకారం, పైపూత ముఖ్యంగా ఎదుటి నుంచి వచ్చే రాడార్ తరంగాలను తప్పించడానికే. పక్క నుంచి, వెనక నుంచి, పొడవాటి తరంగాలు వాడే రాడార్‌తో చూస్తే అది మరింత బాగా పట్టుబడుతుంది. ఎదుటి నుంచే చూసి తీర్పు చెబితే అది ఉత్త ఈక్ష. ‘పరి’ ఎక్కడుంది?

యుద్ధం చూసినంత మాత్రాన కూడా పరీక్ష పూర్తయినట్టు కాదు. అమెరికా ఎఫ్-117 స్టెల్త్ విమానాలు 1991 గల్ఫ్ యుద్ధంలో ఒక్కటీ కూలలేదు. 1999 మార్చి 27న యుగోస్లావియాలో ఒకదాన్ని ఎస్-125 క్షిపణి పడగొట్టింది. అది 1960ల తొలినాళ్ల నాటి ఆయుధం! అమెరికాదే మరో స్టెల్త్ ఫైటర్ ఎఫ్-22 సేవలో చేరింది 2005లో. తొలి దాడి 2014లో, సిరియాలో, అదీ నేలమీది లక్ష్యాలపై. ఆకాశంలో అది మొదట కూల్చింది 2023లో ఒక బెలూన్‌ను. గగనయుద్ధంలో నిగ్గుతేలిందని రాయడానికి చేయెలా వస్తుంది?

ఇక మిగతా రెండూ. ‘అదృశ్యం’ తప్పు, విమానం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ‘రాడార్‌కు సులువుగా దొరకని’ అంటే చాలు. ‘తిరుగులేని’ అనే మాట, ఎదిరించినవాడు ఓడాకే నప్పుతుంది.

‘ప్రయోగ పరీక్షల్లో నెగ్గింది’ అనడంలో దోషం లేదు, ఏ పరీక్షో చెప్పాలి, అంతే. చైనా జే-20 వంటి వాటికి నేనైతే ‘ఇంకా పోరు చూడని’ అని రాస్తాను. అది హెడ్డింగ్‌లో ఇమడదని ఎవరైనా అంటే, లోపలి వార్తలోనైనా ఉంచమంటాను. అంతకు మించి పట్టుబట్టను.