పాలిష్ తీస్తే గోళ్లు పసుపుగా ఉన్నాయి... ఇంట్లో పెడిక్యూర్ మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. పార్లర్‌కి వెళ్లే తీరిక లేక రెండేళ్లుగా ఇంట్లోనే పెడిక్యూర్ చేసుకుంటున్నాను. వేడినీళ్లలో పాదాలు నానబెట్టి, గోళ్ల మొదట్లో ఉండే చర్మం కత్తిరించి, ముదురు ఎరుపు నెయిల్ పాలిష్ వేసుకుంటాను. ఈసారి పాలిష్ తీసి చూస్తే గోళ్లన్నీ పసుపుగా ఉన్నాయి. పైన తెల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. కుడికాలి బొటనవేలి గోరు పక్కన ఎర్రగా వాచి సలుపుతోంది. ఫంగస్ ఏమోనని టెన్షన్‌గా ఉంది. మా అత్తయ్యగారికి షుగర్ ఉంది, ఆవిడకీ నేనే చేస్తుంటాను. ఇక మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. కానీ గోరు మొదట్లో చర్మం కత్తిరించడం మాత్రం ఇవాళే ఆపేయండి. మీ బొటనవేలి వాపు చాలావరకు దానివల్లే వచ్చి ఉంటుంది.

స్నానం చేశాక మీ చేతి గోరునే వెలుతురులో పెట్టి చూడండి. గోరు మొదలయ్యే చోట సన్నటి పొర ఒకటి గోరుకు అంటుకుని కనిపిస్తుంది. దాన్నే క్యూటికల్ అంటాం. గోరుకూ చర్మానికీ మధ్య సందు లేకుండా మూసి ఉంచేది అదే, కొత్త సీసా మూతకు సీలు ఉన్నట్టు. దాన్ని కత్తిరిస్తే సందు తెరుచుకుంటుంది. నీళ్లు, వాటితో పాటు సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. అలా వచ్చేదే గోరుచుట్టు. 'గోరుచుట్టు మీద రోకటిపోటు' అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. చూడ్డానికి చిన్న వాపే గానీ రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. పార్లర్‌కి వెళ్లినా సరే, ఆ చర్మం జోలికి వెళ్లొద్దని ముందే చెప్పండి. అది మరీ ఎత్తుగా కనిపిస్తే, స్నానం తర్వాత మెత్తబడినప్పుడు తువ్వాలు అంచుతో నెమ్మదిగా వెనక్కి నెడితే చాలు.

ప్రస్తుతానికి గోరువెచ్చని నీళ్లలో ఆ పాదాన్ని పావుగంట చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు ఉంచి, పొడిగా తుడుచుకోండి. వేలు నొక్కుకుపోయే చెప్పులు, బూట్లు వద్దు. పిన్నుతో పొడవడం, పిండడం అసలే వద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసుకోకండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము కనిపించినా, ఎరుపు వేలి పైకి పాకినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించండి. ఒక్కోసారి గోరు మూల కండలోకి దిగడం వల్ల కూడా ఇలాగే వాస్తుంది. మూలలు గుండ్రంగా, లోతుగా కత్తిరించేవాళ్లలో ఇది ఎక్కువ. కాలి గోళ్లను అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి.

ఇక పసుపు రంగు. ముదురు పాలిష్‌లోని రంగు గోటి పైపొరలోకి ఇంకడం వల్ల గోళ్లన్నీ ఇలా ఒకేలా మారతాయి. అంతమాత్రాన అది ఫంగస్ కాదు. నిమ్మకాయతో రుద్దడం, ఫైలుతో గీకడం చేయకండి. కొన్ని వారాలు ఖాళీగా వదిలేస్తే మొదట్లోంచి మామూలు రంగు గోరు వస్తుంది. కాలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి ఓపిక పట్టాలి. తెల్లటి మచ్చలు పైపొర పొడిబారి లేచిపోవడం వల్ల వచ్చినవి. పాత పాలిష్ మీదే మళ్లీ మళ్లీ వేసి వారాల తరబడి ఉంచేస్తే అలా అవుతుంది. ఇకపై ముందు బేస్ కోట్ వేసి, ఆపైన రంగు వేసుకోండి.

ఫంగస్ అయితే తీరు వేరు. సాధారణంగా ఒకటి రెండు గోళ్లతో మొదలవుతుంది. గోరు మందంగా తయారై, కొస పొడిపొడిగా రాలుతుంది. కింద సుద్దలాంటి పదార్థం చేరి గోరు పైకి లేస్తుంది. అనుమానం ఉంటే గోటి ముక్క తీసి పరీక్ష చేయిస్తాం. మాత్రలు నెలల తరబడి వాడాల్సి రావచ్చు కాబట్టి నిర్ధారణ లేకుండా మొదలుపెట్టకూడదు.

నా దగ్గరికి వచ్చే చాలామంది పాలిష్‌తోనే వస్తారు. దయచేసి తీసేసి రండి. ఇంట్లో కూడా ప్రతిసారీ పాత రంగు తీశాక, కొత్తది వేసే ముందు గోళ్లను ఒక్కొక్కటిగా వెలుతురులో చూసుకోండి. మనలాంటి చామనఛాయ వాళ్లకు చాలా గోళ్లలో సన్నటి నల్లగీతలు ఉండటం మామూలే. కానీ ఒక్క గోటిలోనే కొత్తగా నల్లగీత వచ్చి, వెడల్పవుతూ, పక్కనున్న చర్మానికీ పాకుతుంటే ఆలస్యం చేయకండి. అరుదే అయినా అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి గోటి కింద బయటపడింది ఇదే. భయపెట్టాలని చెప్పడం లేదు. పాలిష్ కింద దాగిపోయి ఆలస్యమవుతుందనే నా బాధ.

రిమూవర్ మంటను ఇట్టే అందుకుంటుంది. స్టవ్ దగ్గర, దీపం దగ్గర వాడొద్దు, కిటికీ తెరిచి వాడండి. పాలిష్ వేసుకున్న రోజుల్లో కనురెప్పలు, మెడ దురదపెట్టి ఎర్రబడితే ఆ పాలిష్ పడటం లేదేమో చూసుకోండి. గోళ్ల దగ్గర ఏమీ లేకుండా అలర్జీ అక్కడ బయటపడటం మామూలే.

అత్తయ్యగారి విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. నీళ్లు కాలుతున్నా 'బాగానే ఉందమ్మా' అంటారు, బొబ్బలు మర్నాడు కనిపిస్తాయి. కాబట్టి నానబెట్టడం వద్దు. గోరువెచ్చని నీళ్లతో కడగండి. వేడి ఎంతుందో మీ మోచేతితో చూడండి. వేళ్ల సందుల్లో, మట్టెల కింద తడి లేకుండా తుడవండి. పగుళ్లకు మాయిశ్చరైజర్ రాయొచ్చు, వేళ్ల మధ్య మాత్రం వద్దు. మడమలను బ్లేడుతో గీకడం, ఆనెలకు షాపులో దొరికే పట్టీలు వేయడం ఆవిడకు ప్రమాదం. మీ కిట్ ఆవిడకు వాడకండి, నెయిల్ కట్టర్ విడిగా ఉంచండి. గోళ్లు మందంగా ఉంటే మీరు కత్తిరించకుండా డాక్టర్ దగ్గర తీయించండి. రోజూ రాత్రి ఒకసారి ఆవిడ అరికాళ్లు చూడండి. చిన్న పుండు, నల్లబడిన చోటు, ఎక్కడైనా తడి కనిపిస్తే మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.