ఒక్క నెట్టు, నాలుగు సిస్టమ్‌లు

ప్రశ్న: అన్నా, దేవరకొండల జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్న. నాలుగు సిస్టమ్‌లున్నయ్, నెట్ ఒక్కటే. ఇప్పుడు మొదటి సిస్టమ్‌కి నెట్ పెట్టి, విండోస్‌ల షేరింగ్ ఆన్ చేసి మిగతావాటికి ఇస్తున్న, అది హ్యాంగైతే అన్నీ బంద్. వైఫై పెట్టాల్నా, వైర్ గుంజాల్నా?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ షేరింగ్ తీసెయ్, ఒక్క ఎద్దు మీద బండంతా నడిపినట్టుంది. రౌటర్ (నెట్‌ను అన్నిటికీ పంచే డబ్బా) పెట్టుకుంటే ఏ సిస్టమ్ ఆఫున్నా మిగతావి నడుస్తయ్. చానా రౌటర్లకు వెనుక సిస్టమ్‌ల వైర్లు గుచ్చే నాలుగు లాన్ పోర్టులుంటయ్, నీకు సరిపోతయ్, రేపు నెట్‌వర్క్ ప్రింటర్ గిట్ల కొంటే 8 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ (పోర్టులు పెంచే డబ్బా) పెట్టుకో, దానికి సెట్టింగులేం ఉండయ్, వైర్ గుచ్చుడే.

కదలకుండ టేబుల్ మీదుండే సిస్టమ్‌లకు నేనైతే వైరే అంట. క్యాట్ 6 కేబుల్ (నెట్ వైర్) 100 మీటర్ల దాకా పోతది, నీ షాపు అంత పొడుగుంటదా! కానీ వైర్ చివర క్లిప్పు కొట్టేటప్పుడు లోపలి 8 తీగలు సక్కగ కలిసినయా లేదా చూసుకో, నాలుగే కలిస్తే నెట్ వస్తది గానీ స్పీడ్ 100 ఎంబీపీఎస్ దాటదు, మనమేమో కంపెనోన్ని తిట్టుకుంటం. వైఫై ఫోన్లకు ఉంచు. వైఫైల 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటి దూరం పోతది గానీ స్పీడ్ తక్కువ, 5 గిగాహెర్ట్జ్ స్పీడే గానీ గోడ అడ్డమొస్తే తగ్గుతది. గిరాకీలు పాస్‌వర్డ్ అడిగితే గెస్ట్ నెట్‌వర్క్‌ది (బయటోళ్లకు విడిగ పెట్టే వైఫై) ఇయ్యి, అసలుది వద్దు.

ఇంట్ల పాత రౌటరుంటే స్విచ్ లెక్క వాడొచ్చు, దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌ల దాని నంబర్) మార్చి, డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఆ నంబర్లు పంచే సెట్టింగ్) ఆఫ్ చేసి, వైర్ వాన్‌ల (బయటి నెట్ వచ్చే పోర్టుల) కాకుండ లాన్ పోర్టుల పెట్టు. కరెంటు పోతే సిస్టమ్‌లకు యూపీఎస్ ఉండి రౌటర్‌కు లేకపోతే ఫాయిదా లేదు, దాన్ని గూడ అండ్లకే కలుపు.