పెట్రోల్ బండి ఇచ్చి డీజిల్ బండి తీసుకునే ముందు ఆర్‌సీలో ఎవరి పేరుందో చూడండి

ప్రశ్న: సార్, మాది పలమనేరు దగ్గర పల్లె. 2021లో టాటా ఏస్ పెట్రోల్ బండి తీసుకున్నాను, లోను మొత్తం కట్టేశాను, ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా దారిలో నిలబడలేదు. టమోటా చిత్తూరుకు, అప్పుడప్పుడు వేలూరుకు తోలతాను. రోజుకు 90 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకు 16 ఇస్తుంది. లోడు చాలడం లేదని, తిరిగి వచ్చేటప్పుడు కిరాణా సరుకుతో మొగిలి ఘాట్ ఎక్కడం కష్టంగా ఉందని డీజిల్ బండికి మారదామనుకుంటున్నా. ఒక బ్రోకర్ వేలూరు రిజిస్ట్రేషన్ ఉన్న 2017 బొలేరో పికప్ చూపించాడు. నా ఏస్, పైన లక్షన్నర ఇవ్వాలి. 20 వేలు అడ్వాన్స్ ఇచ్చాక, దాని మీద ఇంకా 14 కంతులు ఉన్నాయని, అవి నేను కట్టుకుంటే చివర్లో పేరు మారుస్తామని చెప్పాడు. డీజిల్ బండ్లు పదేళ్లకు ఆపేస్తారని కూడా అంటున్నారు. నాది ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ఈ పద్ధతిలో అయితే వద్దు. డీజిల్ బండి తీసుకోవద్దని చెప్పడం లేదు, అది వేరే లెక్క, దానికీ వస్తాను. ఆ బ్రోకర్ చెప్పిన ఏర్పాటులో మీ ఏస్ ఈరోజే మీ చేతి నుంచి పోతుంది, ఆ పికప్ మాత్రం 14 నెలల దాకా మీ పేరు మీదికి రాదు. అప్పటిదాకా మీ పరిస్థితి ఏమిటంటే, ఎక్కడ తిరుగుతుందో తెలియని బండికి మీరు బాధ్యులు, ఇంటి ముందు నిలబెట్టుకున్న బండి మీద మీకు హక్కు లేదు.

మొదటి సగం చూద్దాం, అంటే మీరు ఇచ్చేసే ఏస్ సంగతి. మోటారు వాహనాల చట్టంలో ఓనరు అంటే ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో ఆయనే, సెక్షన్ 2(30) చెప్పేది అదే. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఈ విషయం గట్టిగా తేల్చింది. అందులో బండి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, ఆర్‌సీలో పేరు మాత్రం మొదటి ఆయనదే ఉండిపోయింది, 2009లో ప్రమాదం జరిగింది, ఇన్సూరెన్స్ లేదు. నేను ఎప్పుడో అమ్మేశాను అని ఆయన చెప్పుకున్నా, పరిహారం కట్టాల్సింది రిజిస్టర్లో ఉన్న ఆయనే అని కోర్టు చెప్పింది. బాధితులు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు అన్నది దాని వెనక ఉన్న న్యాయం, అది సరైనదే అని నేను నమ్ముతాను.

లాయరుగా నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. లోడ్ ఆటో అమ్మేశాడు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకున్నాడు, పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే సంతకాలు పెట్టి ఇచ్చి ఇంటికొచ్చేశాడు. కొన్నవాడు ఆ ఫారాలు ఆర్టీవో ఆఫీసులో ఇవ్వనే లేదు, ఇన్సూరెన్స్ అయిపోతే కట్టనూ లేదు. మూడేళ్ల తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి ఈయనకు సమన్లు వచ్చాయి, చనిపోయింది ఇద్దరు పిల్లల తండ్రి. ఈయన ఆ అగ్రిమెంటు పట్టుకుని నా ముందు కూర్చుని ఏడుస్తుంటే నాకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ కాగితం ఆయనకూ కొన్నవాడికీ మధ్య పనికొస్తుంది, రోడ్డు మీద దెబ్బ తిన్నవాళ్లకు అది అడ్డు కాదు.

కాబట్టి ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ, ఇంజన్ నంబరు అన్నీ నింపాకే పెట్టండి. సెక్షన్ 50 ప్రకారం ఇదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు, 30 రోజుల్లో కొన్నవాడు రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలి. కొన్నవాడు వెళతాడులే అని వదిలేయకుండా మీ వంతు మీరే ఇచ్చి రసీదు తీసుకోండి. లోను కట్టేశానన్నారు, మంచిదే, కానీ ఆర్‌సీలో ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో చూసుకున్నారా? చాలామంది కంతులు అయిపోగానే పని అయిపోయిందనుకుంటారు. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీలోని హెచ్‌పీ, అంటే ఫైనాన్స్ నమోదు, తీసేయించుకునే దాకా మీ బండి కూడా సులువుగా చేతులు మారదు. డీజిల్ బండి కొన్నా కొనకపోయినా ఈ పని మాత్రం ఈ నెలలోనే చేసేయండి.

బ్రోకర్ నిజంగా పాత బండ్ల వ్యాపారం చేసేవాడైతే ఇంకో దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పాత బండ్లు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. అలాంటి డీలర్‌కు మీరు బండి అప్పగించి ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, అప్పటి నుంచి ఆ బండి బాధ్యత డీలర్‌దే అవుతుంది, ఆయన్నే ఓనరుగా లెక్కిస్తారు. మీ బ్రోకర్‌ను అడగండి, అధికార పత్రం ఉందా, 29సీ ఇస్తావా అని. లేదంటే ఆయన బ్రోకరే, డీలర్ కాదు, అలాంటప్పుడు నేరుగా చివరికి కొనే మనిషి పేరు మీదికే మార్చాలి.

ఇక రెండో సగం, మీరు తీసుకోబోయే పికప్. అది ఇంకా ప్రమాదకరం. లోను ఉన్న బండిని ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వేరే పేరు మీదికి మార్చడం కుదరదు, సెక్షన్ 51 అదే చెబుతుంది. మీరు నెలనెలా కంతు డబ్బు ఇస్తారు, సరే, ఎవరికి ఇస్తారు? కంపెనీకి తెలిసింది వేలూరు ఆయన పేరు. ఆయన ఆ డబ్బు కట్టకుండా వాడుకుంటే బండి లాక్కుపోయేది మీ ఇంటి ముందు నుంచే. 14 కంతులూ సక్రమంగా కట్టారే అనుకోండి, ఆయనకు అదే కంపెనీలో ఇంకో లోను బాకీ ఉంటే అది తీర్చేదాకా ఎన్‌ఓసీ ఇవ్వమంటారు, ఇలా ఆగిపోయిన బండ్లు నేను చూశాను. ఈలోగా ఘాట్‌లో ఎక్కడో బండి దెబ్బతింటే సొంత నష్టానికి ఇన్సూరెన్స్ అడిగే హక్కు మీకు ఉండదు, పాలసీ ఆయన పేరు మీద, ఆర్‌సీ ఆయన పేరు మీద. సెక్షన్ 157లో పాలసీ బండితో పాటే మారుతుందని ఉన్నా, అది థర్డ్ పార్టీ వరకే, అంటే బండి వల్ల ఇతరులకు జరిగే నష్టం వరకే పనిచేస్తుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మీది మామూలు అమ్మకం కాదు, వస్తువుకు వస్తువు ఇచ్చి పుచ్చుకోవడం, మధ్యలో కొంత డబ్బు కలిసినా. దీనికి ఆస్తి బదిలీ చట్టంలో 118 నుంచి 120 వరకు సెక్షన్లు ఉన్నాయి. మీరు తీసుకున్న వస్తువు మీద ఎదుటివాడికి సరైన హక్కు లేక అది మీ చేతి నుంచి పోతే, మీరు నష్టపరిహారం అడగొచ్చు, లేదా మీరిచ్చిన వస్తువునే వెనక్కి అడగొచ్చు. వినడానికి బాగుంది కదా, కానీ వెనక్కి అడిగే హక్కు ఆ వస్తువు ఇంకా ఆయన దగ్గరే ఉన్నప్పుడే. నడిచే స్థితిలో ఉన్న మీ ఏస్‌ను బ్రోకర్ వారం తిరక్కుండా ఇంకొకరికి అమ్మేస్తాడు, డబ్బు ఇచ్చి కొన్న మూడో మనిషి దగ్గర నుంచి మీరు దాన్ని తెచ్చుకోలేరు. మిగిలేది పరిహారం కోసం దావా. ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా టమోటా దేంట్లో వేస్తారు?

వేలూరు బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, ఫైనాన్స్ ఉంటే కంపెనీ ఒప్పుకోకుండా అదీ రాదు. ఇక్కడికి తెచ్చాక మన రాష్ట్రంలో కొత్త నంబరు, మన పన్ను. 2017 బండికి ఎనిమిదేళ్లు దాటాయి, కాబట్టి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇక ఏటా చేయించాలి. ఈ వయసు తమిళనాడు గూడ్స్ బండిని ఇక్కడ రిజిస్టర్ చేయించుకుంటే మొత్తం ఎంత అవుతుందో చిత్తూరు ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి కాగితం మీద రాసుకుని, అప్పుడు బేరం ఆడండి. పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, పన్ను, ఫైనాన్స్, చలాన్లు అన్నీ కనిపిస్తాయి, అడ్వాన్స్‌కు ముందు చేయాల్సింది అదే.

పర్మిట్ సంగతి మీకు బ్రోకర్ చెప్పి ఉండడు. మొత్తం బరువు, అంటే బండి, లోడు కలిపి, 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, సెక్షన్ 66(3). మీ ఏస్ ఇన్నాళ్లూ ఆ గొడవ లేకుండా తిరిగింది. బొలేరో పికప్‌లలో మోడల్‌ని బట్టి కొన్ని 3,000 లోపు, కొన్ని దాటి ఉంటాయి, ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ చూడండి. దాటితే పర్మిట్ తీసుకోవాలి, వేలూరుకు లోడు వేస్తారు కాబట్టి తమిళనాడులో చెల్లే పర్మిట్ తీసుకోవాలి. పెద్ద బండి కదా అని రాసి ఉన్నదానికన్నా ఎక్కువ వేస్తే సెక్షన్ 194 కింద 20 వేలు, ఆపైన ప్రతి టన్నుకు 2 వేలు. టమోటా బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయేవాళ్లకు ఇది తెలియాలి.

లైసెన్సు గురించి టెన్షన్ అక్కర్లేదు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం రంభా దేవి కేసులో తేల్చేసింది, 7,500 కిలోల లోపు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చు, కిరాయి బండి అయినా సరే. లైసెన్సు గడువు మాత్రం చూసుకోండి.

పదేళ్ల డీజిల్ మాట ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానిది. అక్కడి గాలి కాలుష్యం మీద 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డర్లతో మొదలైంది. చిత్తూరుకూ తిరుపతికీ ఆ నియమం లేదు. దాన్ని చూపించి ఎవరైనా తక్కువ ధరకు బండి అమ్మమన్నా, కొనమన్నా నమ్మకండి.

ఇప్పుడు అసలు లాభం ఉందా అన్నది. ఇది లాయరు చెప్పే మాట కాదు గానీ, మీ ఉత్తరంలోని అంకెలు చూస్తే రాయకుండా ఉండలేకపోయాను. నెలకు 25 రోజులు అనుకుంటే 2,250 కిలోమీటర్లు. మీ ఏస్ లీటరుకు 16 ఇస్తే సుమారు 141 లీటర్లు, పెట్రోల్ 109 రూపాయలు వేసుకుంటే 15,300 పైచిలుకు. పాత పికప్ లీటరుకు 14 ఇస్తుందనుకుందాం, 161 లీటర్లు, డీజిల్ 97 వేసుకుంటే 15,600 దాకా. డీజిల్ చవక అంటారు, లీటరు చవకే, బండి పెద్దది కాబట్టి నెల ఖర్చు మాత్రం తగ్గలేదు. దీనిపైన ఏటా ఎఫ్‌సీ, పర్మిట్ కావాలంటే పర్మిట్, లక్షన్నర, 14 కంతులు. లాభం రావాలంటే అదంతా ఎక్కువ లోడు నుంచే రావాలి. ఏడాది పొడవునా రోజూ ఆ లోడు మీకు దొరుకుతుందా, లేక టమోటా సీజన్‌లో రెండు మూడు నెలలేనా? మీ లోడు పలమనేరు నుంచి ఘాట్ దిగుతుంది, ఎక్కేది తిరుగు ప్రయాణంలోనే. దిగేటప్పుడు కావాల్సింది మంచి బ్రేకులు, అవి పాత బండి కన్నా మీరు చూసుకున్న మీ బండికే బాగుంటాయని నా ఉద్దేశం. ఏడాదంతా లోడు ఉందంటే డీజిల్ తీసుకోండి, కానీ మన జిల్లా రిజిస్ట్రేషన్‌లో, ఫైనాన్స్ లేని బండి వెతకండి, రెండు బండ్ల పేర్లూ ఒకే రోజు మారేలా పెట్టుకోండి. ముందు పికప్ మీ పేరు మీదికి రావాలి, లేదా రెండూ కలిసి జరగాలి. ఏస్ ముందు పోకూడదు.

ఇక ఆ 20 వేలు. లోను సంగతి దాచి అడ్వాన్స్ తీసుకున్నారు కాబట్టి, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు ఉంది. వెబ్‌సైట్‌లో చూసి ఉంటే తెలిసేదే కదా అని వాళ్లు ఎదురు వాదించొచ్చు, అందుకే రోజులు గడిచేకొద్దీ మీ వాదన బలహీనపడుతుంది. అడ్వాన్స్ ధరలో భాగమని రాసి ఉందా, బయానా (ఒప్పందానికి హామీగా ఇచ్చే సొమ్ము) అని రాసి ఉందా, రసీదు చూడండి. బయానా అయితే మీరు వెనక్కి తగ్గారని చెప్పి జప్తు చేసుకోవాలని చూస్తారు, కాబట్టి తగ్గడానికి కారణం వాళ్లు దాచిన లోనే అని రాతలో ఉండాలి. ఇది మీ బతుకుతెరువు కోసం మీరే నడుపుకునే బండి, అందుకని వినియోగదారుల చట్టంలో మీరు వినియోగదారుడే, 2019 చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది. వ్యాపారం అంటూ మిమ్మల్ని బయటికి పంపలేరు. చిత్తూరు జిల్లా కమిషన్‌లోనే, మీరుండే చోట్లోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

ఈరోజే బ్రోకర్‌కు వాట్సాప్‌లో ఇలా రాయండి: "బండి మీద ఫైనాన్స్ ఉందని అడ్వాన్స్ తీసుకునే ముందు నాకు చెప్పలేదు. ఫైనాన్స్ తీర్చి, ఎన్‌ఓసీ చూపించి, నా పేరు మీద ఆర్‌సీ మార్చేదాకా నేను బండి తీసుకోను, నా ఏస్ ఇవ్వను. అది కుదరదంటే నా 20 వేలు 15 రోజుల్లో తిరిగివ్వండి." దాన్నే రిజిస్టర్ పోస్టులో కూడా పంపి, రసీదు, డబ్బు పంపిన ఫోన్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఏస్ తాళాలు, ఆర్‌సీ ఎవరికైనా చూపించడానికి ఇచ్చి ఉంటే ముందు అవి తెచ్చేసుకోండి.