మా మామయ్యని అందరి ముందూ అంతమాట అన్నాడు, బావని క్షమించలేకపోతున్నా

ప్రశ్న: నా చిన్నప్పుడే నాన్న పోతే మేనమామే మమ్మల్ని సాకారు. హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో అడ్వకేటు. కోర్టు లేకపోతే మలక్‌పేట రేస్ కోర్సు, అంతే ఆయన లోకం. కోర్టు నుంచి వచ్చినా నల్లకోటు జేబులో గుర్రానికని బెల్లం ముక్క ఉండేది. పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి అమెరికా నుంచి వచ్చిన బావ అందరి ముందూ "నాన్న సంపాదనంతా గుర్రాలకీ ఊళ్ళోవాళ్ళకీ పోశాడు" అన్నాడు, మొయినాబాద్ దగ్గర షెడ్డులో ఉన్న ముసలి గుర్రాన్ని అమ్మేయమన్నాడు. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. మామయ్య ఫీజులు కట్టి చదివించిన పిల్లల ఇంటివాళ్ళు ఇప్పుడు నా దగ్గరికొస్తున్నారు, నా జీతంలోంచే కడుతున్నా. గుర్రాన్ని వదిలేస్తే మామయ్యకి ద్రోహం చేసినట్టేనా?

జవాబు: కాదమ్మా, ద్రోహం కాదు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు బావ గురించి, ఎందుకంటే మీ ఉత్తరంలో సగం పైన ఆయన మీద కోపమే ఉంది.

మీరు రాసినవే మళ్ళీ ఒకసారి చూసుకోండి. ఆదివారం తెల్లవారుజామున మామయ్య మిమ్మల్ని స్కూటర్ మీద మలక్‌పేట తీసుకెళ్ళి ట్రాక్ మీద గుర్రాల్ని తిప్పడం చూపించేవారు, గుర్రాల్ని చూసుకునే సైస్‌లు పేరు పెట్టి పిలిచేవాళ్ళు, బావకి గుర్రాలంటే భయం కాబట్టి ఇంట్లోనే ఉండేవాడు అని మీరే రాశారు. వారమంతా కోర్టు, సాయంత్రమైతే ఇంటి ముందు వరండాలో క్లయింట్లు, మిగిలిన ఆ ఒక్క ఆదివారం మీకూ గుర్రాలకీ పోయింది. మీకు నాన్న లేని లోటు తీర్చిన మనిషే ఆ పిల్లాడికి ఇంట్లో దొరకని నాన్న అయ్యాడేమో కదా. బావ డబ్బు మాట ఎత్తాడు గానీ నాకైతే అది డబ్బు గురించిన బాధలా అనిపించట్లేదు. అయినా పదిమందిలో అలా అనడం తప్పే, అది కాదనను. కానీ మీ మామయ్య ఎంత నిజమో బావ చూసిన నాన్న కూడా అంతే నిజం, మీ ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం సరైనదో తేల్చడానికి ఇదేం దావా కాదు.

"రేసులు జూదం కాదని మామయ్య ఎప్పుడూ కోర్టు తీర్పు చెప్పేవారు, అది బావకి పంపనా" అని అడిగారు. ఆ తీర్పు ఉన్నది నిజమే, 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడే ఆట, జూదం కాదు అని చెప్పింది. చట్టం, గుర్రాలు రెండూ కలిసిన తీర్పు కదా, మామయ్యకి నోటికొచ్చి ఉండటంలో ఆశ్చర్యం లేదు. కానీ దయచేసి పంపొద్దు. ఆ తీర్పుతో బావ నోరు మూయించొచ్చేమో గానీ ఆదివారాలు నాన్న కోసం ఎదురుచూసిన పిల్లాడికి దాంతో ఏం జవాబు దొరుకుతుంది?

ఇక గుర్రం. మామయ్య వీలునామా రాయలేదు, అమ్మమ్మ కూడా లేరు అన్నారు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంతంగా సంపాదించినవన్నీ అత్తయ్యకీ బావకీ వస్తాయి, గుర్రం కూడా అందులోదే. చేదుగా ఉన్నా ఇది తెలుసుకునే మాట్లాడండి, మీరు అడగగలరు, ఒప్పించగలరు, పట్టుబట్టలేరు. అడిగేటప్పుడు మామయ్య గుర్తు అని కాకుండా దానికేం కావాలో అది అడగండి. గుర్రాలు పాతికేళ్ళ పైన బతుకుతాయి, నాలుగైదు వారాలకోసారి గిట్టలు చూపించాలి, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదకొస్తుంది ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదు, పైగా అది గుంపులో బతికే జంతువు, ఏడాదిగా ఆ షెడ్డులో ఒంటరిగా ఉండటం దానికి మంచిది కాదు. మీరు వారానికోసారి వెళ్ళి మెడ నిమిరి ఏడ్చి రావడం మీకు ఊరటే, దానికి మాత్రం పక్కన ఇంకో గుర్రం కావాలి. బ్రోకర్‌కి అమ్మితే ముసలితనంలో పెళ్ళి బరాత్‌లో బ్యాండు మోతల మధ్య నిలబడాల్సి రావచ్చు, కాబట్టి అది వద్దనండి, గుర్రాలున్న ఫామ్ ఎవరైనా ఊరికే తీసుకుంటారేమో మామయ్య పాత సైస్‌నీ చూసే వెటర్నరీ డాక్టర్‌నీ కనుక్కోండి, మళ్ళీ అమ్మకూడదని కాగితం రాయించుకోండి.

ఫీజుల సంగతి సూటిగా చెప్తా, ఆపేయండి. మామయ్య ఇచ్చింది ఆయన ప్రాక్టీసులోంచి, మీరిస్తున్నది మీ ఇంటద్దెలోంచి. చనిపోయినవాళ్ళ అప్పులకే వారసులు వచ్చిన ఆస్తి మేరకి బాధ్యులు, ఆయన మంచితనంతో అన్న మాటకి మేనకోడలికి చట్టప్రకారం ఏ బాధ్యతా లేదు. ఒక్క పిల్లనో పిల్లాడినో మీ స్తోమతకి తగ్గట్టు చదివించాలనుంటే చదివించండి, అది మీ ఇష్టంగా చేయండి, మిగతావాళ్ళకి మర్యాదగా "నా వల్ల కాదండీ" అని చెప్పండి. కోర్టు ఫైళ్ళు ఇంకా ఇంట్లోనే ఉన్నాయన్నారు, అవి క్లయింట్ల వాయిదాలకి సంబంధించినవి, మామయ్య జూనియర్‌ని పిలిచి ఎవరివి వాళ్ళకి సంతకం తీసుకుని ఇప్పించేయండి. ఆయన అడ్వకేట్ల వెల్ఫేర్ ఫండ్‌లో మెంబరేమో కూడా ఆ అబ్బాయినే కనుక్కోమనండి, అయితే అత్తయ్యకి రావాల్సింది ఉంటుంది.

నిద్ర పట్టట్లేదు, పనిలో మనసు నిలవట్లేదు అని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏడాది దాటాక కూడా అలా ఉంటే ఓర్చుకోవాల్సిన పనిలేదు, 14416కి ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొకటి. అత్తయ్య ఏమీ మాట్లాడలేదని రాశారు. ఆవిడకేం కావాలో ఈ ఏడాదిలో మీరు గానీ బావ గానీ అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. బావకి ఫోన్ చేసే ముందు ఒక పూట వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చోండి. గుర్రం గురించి ఏం చేసినా ఆవిడ మాట విన్నాకే.