ఎక్సెల్ షీటులో టిక్కులు చాలవమ్మా

అమ్మలూ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు నిన్న రాత్రి తెరిచి చూశాను. ఎడమవైపు ఇండియా, అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్. పైన వరసగా కోటా, వివక్ష నిషేధం, జరిమానా, సదుపాయాలు. మధ్యలో పచ్చ టిక్కులు, ఎర్ర ఇంటూలు. అడుగున నీ ప్రశ్న: "మామయ్యా, వికలాంగుల ఉద్యోగాలకు ఏ దేశం చట్టం మంచిది?" జర్మనీకి ఎక్కువ టిక్కులు వచ్చాయి కాబట్టి నీ మనసు అటే మొగ్గిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెళ్లొద్దనడానికి కాదు ఈ ఉత్తరం. నువ్వు పోల్చిన పద్ధతి నాకు నచ్చలేదు, అంతే.

చట్టాలను పేర్లతో, శాతాలతో పోల్చకు. నీ చెవులతో పోల్చు. రెండు చెవులకూ మెషిన్లు పెట్టుకునే అమ్మాయి ఇంటర్వ్యూకు వెళ్లింది. చేరింది. గ్రూప్ కాల్స్‌లో సగం మాటలు అందలేదు. ఏడాదికి మేనేజర్ మారాడు, రేటింగ్ పడిపోయింది, తీసేస్తామన్నారు. ఈ కథను ఒక్కో దేశంలో ఒక్కోసారి నడిపించి చూడు. ఎక్కడ చట్టం అడ్డు నిలబడుతుందో, ఎక్కడ పక్కకు తప్పుకుంటుందో అప్పుడు కనిపిస్తుంది.

నా సంగతే చెబుతాను. 1977లో కేంద్రం గ్రూప్ సి, డి ఉద్యోగాల్లో మాలాంటి వికలాంగులకు 3 శాతం కేటాయించింది. ఆ దారిలోనే 1984లో నేను బ్యాంకు గుమాస్తానయ్యాను. ఉద్యోగం కోటా ఇచ్చింది, స్టూలు మాత్రం అందరిదే ఇచ్చారు. ఎత్తు కౌంటరు, దానికి తగ్గ ఎత్తు స్టూలు. ఇనుప ఊత, అదే కాలిపర్, వేసుకున్న కాలు మడవడానికి రాదు, కింద ఆనడానికి ఏమీ లేదు. పదకొండు గంటలకల్లా తిమ్మిరెక్కేది, సాయంత్రానికి పాదం వాచిపోయేది. నాలుగు నెలలు మేనేజరు గారిని నోటితో అడిగాను. "చూద్దాం" అనేవారు. ఐదో నెలలో దరఖాస్తు రాసి, కార్బన్ కాపీ మీద సంతకం చేయించుకున్నాను. మర్నాడు అటెండరు చిల్లర సంచులు పెట్టే ఖాళీ చెక్కపెట్టె ఒకటి తెచ్చి నా కాలి కింద పెట్టాడు. ఖర్చు సున్నా! ఇప్పుడు చట్టాల్లో 'రీజనబుల్ అకామడేషన్', అంటే తగిన సదుపాయం, అంటున్నారే, నా మటుకు అది ఆ పెట్టె. ఆ మాట మన చట్టంలోకి రావడానికి 2016 దాకా పట్టింది.

ఆ 2016 వికలాంగుల హక్కుల చట్టం మంచి చట్టమే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా 4 శాతమైంది, అందులో ఒక శాతం వినికిడి లోపం ఉన్నవాళ్లది. కానీ 20వ సెక్షన్ ఒకసారి నెమ్మదిగా చదువు. వివక్ష చూపకూడదు, సదుపాయం కల్పించాలి, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీయకూడదు, అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి... అన్నీ ఉన్నాయి. అన్నిటికీ ముందు 'ప్రభుత్వ సంస్థ' అనే మాట ఉంది. ఆ ఒక్క మాటతో మొత్తం హైటెక్ సిటీ బయట నిలబడింది. ప్రైవేటు కంపెనీలో 20 మంది, ఆపైన ఉంటే సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి, వికలాంగ ఉద్యోగుల సంగతులు చూసే లైజన్ ఆఫీసరును పెట్టాలి. ఆ కాగితం మీ కంపెనీ వెబ్‌సైట్లో ఎక్కడుందో వెతికావా? ముందు అది వెతుకు. చట్టం మీరితే మొదటిసారి జరిమానా పదివేల రూపాయల లోపే. మీ టీమ్ డిన్నర్ బిల్లు అంతకంటే ఎక్కువ వస్తుందనుకుంటాను.

కాబట్టి నీ షీటులో ఇండియాను రెండు వరసలు చెయ్యి. సర్కారీ ఇండియా ఒకటి, ప్రైవేటు ఇండియా ఒకటి. బ్యాంకు పరీక్షలు రాయమని మీ నాన్న పోరడంలో అర్థం ఉంది, చాదస్తం అనుకోకు.

అమెరికాలో లెక్క వేరు. 1990 నాటి వికలాంగుల చట్టం ఏడీఏలో ప్రైవేటు కంపెనీలకు కోటా ఊసే లేదు. 15 మంది, ఆపైన పనిచేసే ఏ సంస్థ అయినా, ప్రైవేటు అయినా సరే, పని చేయగలిగినవాడికి సదుపాయం ఇచ్చి తీరాలి. మరీ మోయలేని భారమైతే తప్ప కాదనకూడదు. ఆఫర్ ఇచ్చేదాకా నీ వైకల్యం గురించి అడగనే కూడదు. నష్టపరిహారం కంపెనీ సైజును బట్టి 50 వేల డాలర్ల నుంచి 3 లక్షల దాకా వెళుతుంది, పోయిన జీతం కాక. మన పదివేల పక్కన పెట్టి చూడు.

నీకు పనికొచ్చే ముక్క ఇంకొకటి. 1999లో కళ్లద్దాలు పెట్టుకునే కవల అక్కచెల్లెళ్లు పైలట్ ఉద్యోగాల కోసం ఒక విమానయాన సంస్థ మీద కేసు వేస్తే, అద్దాలతో బాగానే కనిపిస్తోంది కాబట్టి మీకు వైకల్యమే లేదు పొమ్మంది అక్కడి సుప్రీంకోర్టు. ఆ తర్కంతో మెషిన్లు పెట్టుకునేవాళ్లూ ఇరుకున పడ్డారు. 2008లో చట్టం సవరించి ఆ దారి మూసేశారు. ఇప్పుడు మెషిన్ తీసేస్తే ఎంత వినపడుతుందో అదే లెక్క.

అయితే అమెరికాలో నీకు రెండు గడియారాలు ఉంటాయి. చట్టం గడియారం ప్రకారం ఫిర్యాదుకు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. వీసా గడియారం ప్రకారం హెచ్1బీ మీద ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. ఏడీఏ నీకూ వర్తిస్తుంది, పౌరసత్వం అక్కర్లేదు. కానీ పెట్టె సర్దుకుంటూ కేసు నడపడం ఎంత కష్టమో ఆలోచించు. ఈ గడి నీ షీటులో లేనే లేదు.

ఇక నువ్వు మనసు పడ్డ జర్మనీ. 20 ఉద్యోగాలు, ఆపైన ఉన్న ప్రతి సంస్థా 5 శాతం తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు ఇవ్వాలి, ప్రైవేటు కూడా. ఇవ్వకపోతే డబ్బు కట్టాలి. 2025 రేట్ల ప్రకారం ఒక్కరినీ పెట్టుకోని పెద్ద కంపెనీ, పూరించని ఒక్కో ఉద్యోగానికి నెలకు 815 యూరోలు కడుతుంది. ఆ డబ్బుతోనే వికలాంగుల పనిచోట్ల పరికరాలూ సదుపాయాలూ సమకూరుస్తారు. డబ్బు కట్టేసి చేతులు దులుపుకునే కంపెనీలూ ఉన్నాయి, అది వేరే విషయం. నాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, చేరి ఆరు నెలలు దాటాక తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లను తీసేయాలంటే యజమాని ముందు ప్రభుత్వ కార్యాలయం అనుమతి తెచ్చుకోవాలి. మేనేజర్ మారినంత మాత్రాన జరిగే పని కాదు.

కానీ అమ్మలూ, 'తీవ్ర' అన్న మాట దగ్గర ఆగు. నీ యూడీఐడీ కార్డు, అదే మన ప్రభుత్వ వైకల్య గుర్తింపు కార్డు, మీదున్న శాతం అక్కడ చెల్లదు. వాళ్ల పట్టిక ప్రకారం వాళ్లే మళ్లీ కొలుస్తారు. 50, ఆపైన వస్తేనే తీవ్ర వైకల్యం కార్డు, ఏడాదికి ఒక వారం అదనపు సెలవు. 30 నుంచి 50 లోపు వస్తే ఉపాధి కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, ఉద్యోగం నిలబెట్టుకోవడానికి సమాన హోదా అడగవచ్చు. తొలగింపు రక్షణ వస్తుంది, సెలవు రాదు. మన చట్టంలో 60 డెసిబెల్స్ దాటితేనే వినికిడి లోపం కింద లెక్క. చెవులు అవే, కొలబద్దలు మూడు. అందుకే శాతం ఉన్న కాగితం కంటే తాజా ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష రిపోర్టు, జాగ్రత్త చెయ్యి. డెసిబెల్స్ ఏ దేశం డాక్టరైనా చదువుతాడు.

ఏ చట్టంలోనూ లేని మాట ఒకటి. నువ్వు సగం పెదాలు చూసి వింటావు. తెలుగు పెదాలు నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఇంగ్లిష్ నేర్చుకున్నావు. జర్మన్ పెదాలు చదవడానికి ఎంత కాలం పడుతుందో హైదరాబాద్‌లోనే ఆరు నెలలు క్లాసుకు వెళ్లి చూసుకో. ఆ తర్వాతే అక్కడికి వెళ్లడానికి ఫీజు కట్టు.

జపాన్ గడి తుడిచేసినా నష్టం లేదు. 2024లో కోటాను 2.5 శాతం చేశారు, లోటుకు తలకు నెలకు 50 వేల యెన్లు. 2018లో అక్కడి ప్రభుత్వ శాఖలే వైకల్యం లేనివాళ్లను కోటా లెక్కలో చూపినట్టు బయటపడింది. శాతాలను నమ్ముకుంటే ఇదీ గతి.

బ్రిటన్‌కు నువ్వు తక్కువ టిక్కులు వేశావు, నా లెక్కలో అది తప్పు. వాళ్లూ 1944లో 3 శాతం కోటాతోనే మొదలుపెట్టారు. లిఫ్టు నడిపే ఉద్యోగాలు, కారు పార్కింగ్ ఉద్యోగాలు ప్రత్యేకంగా వికలాంగులకు కేటాయించారు. మీకు ఇంతే అన్నట్టు! 1995 చట్టంతో కోటా ఎత్తేశారు. ఇప్పుడు 2010 సమానత్వ చట్టం కింద ఒక్కరే ఉద్యోగి ఉన్న చిన్న కొట్టు యజమాని అయినా తగిన మార్పులు చేయాలి. పరిహారానికి పైపరిమితి లేదు. పరికరాలకో సంజ్ఞాభాష దుబాసీకో 'యాక్సెస్ టు వర్క్' పథకం కింద ప్రభుత్వమే డబ్బిస్తుంది. ఖర్చవుతుందనే సాకు యజమాని నోటి నుంచి తీసేసినట్టే.

కోటా లోపలికి తీసుకెళుతుంది, సదుపాయం పని చేయనిస్తుంది, తొలగింపు రక్షణ నిలబెడుతుంది. నీకు ఇంటర్వ్యూలు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు, మొదటి ప్రయత్నంలోనే ఉద్యోగం కొట్టావు. నీ బాధంతా గ్రూప్ కాల్స్‌తోనూ రేటింగ్‌తోనూ. కాబట్టి కోటా నిలువు వరసను చివరికి జరిపి, మిగతా రెండూ ముందు పెట్టు. జర్మనీ అప్పటికీ పైనే ఉండొచ్చు. కానీ ఎందుకు పైనుందో నీకు తెలుస్తుంది.

ఈలోగా ఇక్కడి ఉద్యోగంలోనే ఒక పని చెయ్యి. మీ మేనేజరుకు మెయిల్ పెట్టు, లైజన్ ఆఫీసరును కాపీలో పెట్టు. చట్టం పేరు ఎత్తి బెదిరించకు. "ఒకేసారి ఇద్దరు మాట్లాడితే నాకు మాటలు విడిపడవు. కాల్స్‌లో లైవ్ క్యాప్షన్లు ఆన్ చేయండి, తీసుకున్న నిర్ణయాలు చాట్‌లో రాయండి" అని రాయి చాలు. దానికి కంపెనీకి ఒక్క రూపాయి ఖర్చు కాదని కూడా రాయి. నోటితో అడిగి నేను పోగొట్టుకున్న నాలుగు నెలలు నువ్వు పోగొట్టుకోకు. నువ్వు అడిగావు అనడానికి తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది, రేపు ఏ దేశం వెళ్లినా ఆ రాసే అలవాటు నీ వెంట వస్తుంది.

పంపే ముందు డ్రాఫ్ట్ నాకు వాట్సాప్ చెయ్యి. అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, వచ్చే ఆదివారం వస్తే సీసా తీసుకెళ్లు. షీటు కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

ఆశీస్సులతో
మామయ్య