ముందు నొప్పి తగ్గించండి, ఓదార్పు తర్వాత

క్యాన్సర్ నొప్పితో ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్లు తాము కుంగిపోకుండా ఎలా ఉండాలని అడిగారు. యోగా చెయ్యండి, మీకంటూ కాస్త టైమ్ పెట్టుకోండి అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎప్పుడు చెయ్యాలట, రాత్రి రెండింటికా?

మా అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. చూసుకున్నది నేను. నన్నడిగితే, రోగికి రాత్రిపూట నొప్పి తగ్గితే చూసుకునేవాళ్ల టెన్షన్ సగం పోతుంది.

ఆవిడకు మార్ఫిన్ మాత్రలు రాశారు, గట్టి నొప్పికి ఇచ్చే మందు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే గడియారం చూసి నాలుగు గంటలకోసారి వెయ్యాలి. అలా వేశాకే ఇంట్లో అందరం నిద్రపోవడం మొదలైంది. అప్పుడు దిగింది మా ఆయన అక్క. "మా అమ్మను మత్తులో పడేసి నువ్వు హాయిగా పడుకుంటున్నావా?" అని, నాకు తెలియకుండా రాత్రి మాత్ర వెయ్యకుండా ఆపేసింది. అర్ధరాత్రి దాటాక అత్తమ్మ తువ్వాలు నోట్లో కుక్కుకుని పళ్లతో కొరుకుతోంది, పిల్లలు లేస్తారని. వదిన మాత్రల డబ్బా కోసం బ్యాగంతా నేలమీద కుమ్మరించింది. మాత్ర వేసినా వెంటనే పనిచెయ్యదుగా. ఆ కాసేపూ వదిన మంచం పట్టె పట్టుకుని, "ఇంకెంతసేపు? ఇంకెంతసేపు?" అంటూనే ఉంది. మర్నాటి నుంచి డోసుల నోట్‌బుక్ తనే రాసింది. శనివారం రాత్రులు తనే మేలుకుంది కూడా.

డాక్టర్ చెప్పిన లెక్కలో నొప్పికి వాడితే మార్ఫిన్ వ్యసనంగా మారడం చాలా అరుదు. ఈ మాట మన చుట్టాలకు ఎవరు చెప్తారు? వాళ్లు బత్తాయిలు పట్టుకొచ్చి, టీ తాగి, లక్ష్మణఫలం ఆకుల కషాయంతో ఎవరికో తగ్గిపోయిందని చెప్పి వెళ్తారు. గ్లాసులు కడిగేది మళ్లీ మనమే. అమెరికాలో ఉన్న మరిది వీడియో కాల్‌లో "మంచి డాక్టర్‌కి చూపించండి వదినా" అంటాడు. ఈసారి ఎవరైనా "ఏమైనా కావాలా?" అంటే మొహమాటపడకండి, ఒక రాత్రి మేలుకోమని అడగండి.

ఇంకోటి. మార్ఫిన్ వీధి చివరి మందుల షాపులో దొరకదు, తిరగొద్దు. 2014లో మత్తుమందుల చట్టం మార్చి కాస్త సులువు చేశారు కానీ ఇప్పటికీ అనుమతి ఉన్న చోట్లే ఇస్తారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు పాలియేటివ్ కేర్ విభాగమే ఉంది. చికిత్స అయిపోయాక వెళ్లే చోటు అనుకోకండి, కీమో నడుస్తుండగానే వెళ్లొచ్చు. మాత్రలతోపాటు మలబద్ధకానికి మందు మొదటి రోజే రాయించుకోండి. మార్ఫిన్ వేస్తే అది దాదాపు ఖాయం, తర్వాత ఎనిమా కోసం పరుగెత్తేది కూడా మీరే.