క్యాన్సర్‌తో పాటు అడినోమయోసిస్ కూడా ఉందంటే ముదిరినట్టా?

మీ అమ్మగారి బయాప్సీలో ఎండోమెట్రియల్ క్యాన్సర్ (గర్భసంచి లోపలి పొరలో వచ్చేది) గ్రేడ్ 1 (కణాలు మామూలు కణాలకి దగ్గరగా కనబడే, తక్కువ తీవ్రత రకం) అని వచ్చింది, స్కాన్‌లో అడినోమయోసిస్ కూడా ఉందన్నారు, రెండూ కలిస్తే ఇంకా ప్రమాదమా అని అడిగారు కదా. కాదండీ. మూడేళ్ల కిందట మా అమ్మ విషయంలో నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. డాక్టర్ని కాను, నాకు తెలిసింది చెప్తున్నా.

అడినోమయోసిస్ అంటే గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి అక్కడక్కడా గూళ్లు కట్టుకోవడం, అంతే, క్యాన్సర్ కాదు. అమ్మకి నలభైల్లో నెలసరి వస్తే పది రోజులైనా ఆగేది కాదు, స్కాన్ తీసిన ప్రతిసారీ గర్భసంచి కాస్త పెద్దగా ఉందనేవారు. ముట్లుడిగాక ఆ గొడవ వదిలిందనుకున్నాం. 57వ ఏట చీర లంగా మీద చిన్న మరక కనబడితే, పాతదే మళ్లీ వచ్చిందిలే అని నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు! నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దాని మీదే. ముట్లు పూర్తిగా ఆగిపోయాక ఒక్క చుక్క కనబడినా పాత జబ్బు మీదకి నెట్టేయకూడదు.

ఇక అసలు విషయం. అమ్మ ఎంఆర్‌ఐలో క్యాన్సర్ కండరం మందంలో సగానికి పైగా దిగిందని రాశారు. ఆ సగం గీత చాలా ముఖ్యం, దాని లోపలైతే స్టేజ్ 1ఎ, దాటితే 1బి, దాటితే రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చని డాక్టరు ముందే చెప్పారు. గర్భసంచి తీసేశాక పాథాలజీ రిపోర్టు వేరే కథ చెప్పింది. లోతుగా కనబడిన భాగంలో క్యాన్సర్ కండరాన్ని తొలుచుకుంటూ పోలేదు, అప్పటికే అక్కడున్న అడినోమయోసిస్ గూళ్లలోకి పాకిందంతే, నిజంగా కండరంలోకి దిగింది సగంలోపే. గూళ్లకే పరిమితమైన క్యాన్సర్‌ని కండరంలోకి దిగినట్టు లెక్కేయరట. ఎంఆర్‌ఐలో ఈ రెండింటినీ విడదీసి చెప్పడం కష్టం, సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుంది. అమ్మకి రేడియేషన్ అక్కర్లేకపోయింది, చెకప్‌లకి మాత్రం వెళ్తోంది.

అడినోమయోసిస్ ఉంటే మంచిదే అని కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు చూడండి. ఆపరేషన్ అయిన కేసులను తిరగేసి చూసిన చాలా అధ్యయనాల్లో, ఇది కూడా ఉన్నవాళ్లలో గ్రేడ్ తక్కువగా, లోతు తక్కువగా ఉండటం, ఎక్కువమంది బాగుండటం కనిపించిన మాట నిజమే. అలాగని అదే కాపాడిందనుకోలేం. ఎప్పట్నుంచో రక్తస్రావంతో డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లకి క్యాన్సర్ తొందరగా దొరికి ఉండొచ్చు, పైగా గ్రేడ్, స్టేజ్ లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా నిలవని అధ్యయనాలూ ఉన్నాయి.

అందుకని ఆ పదాన్ని పట్టుకుని కూర్చోకండి. ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టులో గ్రేడ్ ఎంత, కండరంలోకి ఎంత లోతు, రక్తనాళాల్లో క్యాన్సర్ కణాలున్నాయా, లింఫ్ గ్రంథులు తీసి ఉంటే వాటిలో ఏముంది, ఇవి చూడండి. లోతు సగానికి పైగా అని రాస్తే మాత్రం, అడినోమయోసిస్‌లో ఉన్నదాన్ని కూడా కలిపి కొలిచారా అని మొహమాటపడకుండా అడగండి.